పైన గాజునార, లోపల ఇనుము

మరమ్మతుకూ పునరుద్ధరణకూ మధ్య ఉన్న తేడా తెలియకుండా పాత కారు బేరంలోకి దిగడం క్షేమం కాదు. ఆగిపోయిన బండిని దొరికిన సామానుతో మళ్లీ రోడ్డెక్కిస్తే అది మరమ్మతు. అదే బండి కర్మాగారం నుంచి బయటికి వచ్చిన నాడు ఏ రంగుతో, ఏ ఇంజినుతో, ఏ బిగింపులతో ఉన్నదో పత్రాలను బట్టీ, దానిమీద కొట్టి ఉన్న అంకెలను బట్టీ విచారించి, మిగిలిన అసలు భాగాలను వీలైనంతవరకు కాపాడుతూ తిరిగి ఆ స్థితికి తీసుకురావడం పునరుద్ధరణ. ఇద్దరే కూర్చునే వీలుండి, టాపు మడిచి వెనక్కి పెట్టుకోగలిగే పాతకాలపు అమెరికా స్పోర్ట్స్ కారు ‘పూర్తిగా పునరుద్ధరించినది’ అన్న మాటతో అమ్మకానికి వచ్చినప్పుడు, ఆ మాటకు విలువ కట్టడం ఎలాగన్నదే ఇక్కడి విచారణ. ఆ తరగతిలో పేరెన్నికగన్నది షెవర్లే కంపెనీ కార్వెట్. దాని గుణదోషాలను అర్థం చేసుకోవడానికి దిగువ కృష్ణా డెల్టా పాఠకుడికి ఒక సౌలభ్యం ఉన్నది, ఎందుకంటే ఆ కారు ఒళ్లు ఏ పదార్థంతో తయారైందో, బందరు పక్కన గిలకలదిండి రేవులోనూ నాగాయలంక ఒడ్డునా కట్టి ఉండే చేపల పడవలు కూడా ఆ పదార్థంతోనే తయారవుతున్నాయి.

ఆ పదార్థం ఫైబర్‌గ్లాస్. కరిగించిన గాజును వెంట్రుకకన్న సన్నని దారాలుగా లాగి, వాటిని చాపలా పరిస్తే వచ్చేది గాజునార మ్యాట్. దాన్ని పాలియెస్టర్ రెజిన్ అనే జిగట ద్రవంతో తడిపి, ఆ ద్రవం గట్టిపడేలా హార్డ్‌నర్ కలిపితే, తేలికగానూ దృఢంగానూ ఉండి నీటికి నానని, ఉప్పుకు తినిపోని పలక తయారవుతుంది. పడవ కట్టేవారు అచ్చు లోపలి ముఖానికి మైనం రుద్ది, దానిపై నున్నని పైపూత అయిన జెల్‌కోట్ పూసి, మ్యాట్ పొరలు పరుస్తూ, రెజిన్ పట్టిస్తూ, పొరల మధ్య చిక్కుకున్న గాలి బుడగలు పోయేదాకా రోలరుతో ఒత్తుతారు. బుడగ మిగిలిన చోట పలక బలహీనపడి, అలల దెబ్బకు ముందుగా అక్కడే పగులుతుంది. తూర్పు తీరంలో చెక్క నావల స్థానంలోకి ఈ ఫైబర్ బోట్లు రావడానికి, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో చెన్నై కేంద్రంగా మొదలుపెట్టిన బంగాళాఖాత కార్యక్రమం 1980లలో జరిపిన పడవల ప్రయోగాలు చాలావరకు దోహదం చేశాయి. దివిసీమ జాలరి చేతికి ఈ పదార్థం చేరడానికి పాతికేళ్లకు పైగా ముందే అమెరికాలో ఒక కారు దాన్ని ఒంటికి తొడుక్కున్నది.

1953 జనవరి 17న న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో షెవర్లే మాతృసంస్థ అయిన జనరల్ మోటార్స్ ఏర్పాటు చేసిన ప్రదర్శనలో కార్వెట్ మొదటిసారి జనం కంటపడింది. రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లివచ్చిన యువకులు ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న చిన్న ఓపెన్‌టాపు కార్లపై మక్కువ పెంచుకోవడం గమనించిన ఆ సంస్థ ప్రధాన రూపశిల్పి హార్లీ ఎర్ల్, అమెరికాకు కూడా అటువంటి సొంత కారు ఉండాలని పట్టుబట్టాడు. ఉక్కు రేకును కారు ఆకారంలో నొక్కడానికి భారీ అచ్చులు కావాలి, వాటికి ఖర్చూ కాలమూ ఎక్కువ. కొద్ది సంఖ్యలో తయారయ్యే కారుకు అంత పెట్టుబడి గిట్టదు గనుక ఫైబర్‌గ్లాస్ ఎంచుకున్నారు. ఆ ఏడాది జూన్ 30 నుంచి మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ పట్టణంలో తయారైన 300 కార్లూ తెల్లని ఒంటితో, ఎర్రని సీట్లతో, నల్లని టాపుతో ఒకే తీరుగా ఉన్నాయి. చూడముచ్చటగా ఉన్నా, ఆరు సిలిండర్ల పాత ఇంజినూ, రెండే గేర్లున్న ఆటోమేటిక్ పెట్టే ఉండడంతో వేగప్రియులకు నచ్చలేదు. 1954లో ఉత్పత్తిని సెయింట్ లూయీకి మార్చి 3,640 కార్లు తయారుచేస్తే చాలా కార్లు అమ్ముడుపోక మిగిలాయి. మరుసటి ఏడు 700 మాత్రమే తయారయ్యాయి. కారును అక్కడితో ఆపకుండా నిలబెట్టినవి రెండు: 1955లో వచ్చిన ఎనిమిది సిలిండర్ల వి8 ఇంజిను, బ్రస్సెల్స్‌లో పుట్టి రష్యాలో పెరిగి అమెరికా చేరిన ఇంజినీరు జోరా ఆర్కస్ డంటోవ్ పట్టుదల.

సేకర్తలు అన్నిటికన్న ఎక్కువగా వెతికేది 1963 నుంచి 1967 దాకా తయారైన రెండో తరాన్ని, అంటే స్టింగ్ రే పేరున్న కార్లను. వీటి వెనుక చక్రాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా విడివిడిగా ఎగిరిపడతాయి. ఆ రెండింటినీ మోసేది కారుకు అడ్డంగా బిగించిన ఒకే కమాను కట్ట. లారీల వాళ్లకు చిరపరిచితమైన ఆ కట్టలో తొమ్మిది పట్టీలుంటాయి. లారీకి నిలువుగా ఉండేది ఇక్కడ అడ్డంగా తిరిగింది. 1965లో నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు వచ్చాయి. ఈ తరంలో చివరిదైన 1967 నమూనాలో తయారైన 22,940 కార్లలో 14,436 ఓపెన్‌టాపువే, అప్పటి ధర సుమారు 4,240 డాలర్లు.

ఫైబర్ ఒళ్లు తుప్పు పట్టదన్న మాట నిజమే గాని, కొనేవారిని మోసపుచ్చేదీ ఆ నిజమే. కార్వెట్ ఒళ్లు మొత్తం నిచ్చెన ఆకారంలో ఉన్న ఉక్కు ఛాసిస్ మీద కూర్చుని ఉంటుంది. అంతేకాక 1963 నుంచి ముందు అద్దం చుట్టూ, తలుపుల స్తంభాల లోపల, కాళ్ల దగ్గరి పక్కల్లో ఒక ఉక్కు పంజరం దాగి ఉంటుంది. అమెరికా మెకానిక్కులు దాన్ని పక్షి పంజరమని పిలుస్తారు. తలుపులు, ముందు అద్దం, టాపు కొక్కేలు అన్నీ ఆ పంజరాన్ని పట్టుకునే నిలుస్తాయి. ముందు అద్దం రబ్బరు ఎండిపోయినా, టాపు అంచు సరిగా కూర్చోకపోయినా వాన నీరు స్తంభాల్లోకి దిగి కింది మూలల్లో నిలుస్తుంది. పైనున్న ఫైబర్ నునుపు చెడకుండానే లోపలి ఉక్కు పొరలు పొరలుగా రాలిపోతుంది. మామూలు ఉక్కు కారయితే రంగు కింద బుడగలు లేచి జబ్బును బయటపెడతాయి, ఈ కారుకు ఆ హెచ్చరిక కూడా ఉండదు. పైన పటారం లోన లొటారం అన్న సామెత ఇంత అక్షరాలా వర్తించే యంత్రం మరొకటి దొరకడం కష్టం.

ఈ విషయంలో అమెరికా మంచు రాష్ట్రాలకూ బందరు తీరానికీ తేడా లేదు. అక్కడ శీతకాలంలో మంచు కరగడానికి రోడ్లపై చల్లే ఉప్పు బండి కడుపులోకి చేరుతుంది, ఇక్కడ సముద్రపు గాలే ఆ ఉప్పును మోసుకొస్తుంది. ఇనుప కిటికీ ఊచలు ఎంత తొందరగా పొలుసులు కడతాయో తీరగ్రామాల్లో ఇళ్లు కట్టుకున్నవారికి చెప్పనక్కరలేదు. అందువల్లనే అరిజోనా వంటి పొడి ప్రాంతాల్లో జీవితమంతా గడిపిన కారుకు ఎక్కువ గిరాకీ ఉంటుంది, అందువల్లనే బండిని లిఫ్టు మీదికి ఎక్కించి ఛాసిస్ వెనుక చక్రాల ముందు వంపు తిరిగే చోటును సుత్తితో తట్టి చూడకుండా, పక్క తివాచీలు ఎత్తి పంజరం కింది మూలలను టార్చి వెలుగులో చూడకుండా బేరం ముగించరాదు.

ఒంటి పరీక్షకు వేరే పద్ధతి ఉన్నది. రేకు కార్ల సొట్టలను లప్పంతో పూడ్చి రంగు వేస్తే అయస్కాంతం పెట్టి పట్టుకోవచ్చు. ఫైబర్ మీద అయస్కాంతానికి పని లేదు. ఇక్కడ చూడవలసింది పలక వెనుక ముఖం. స్టింగ్ రే కాలానికి కర్మాగారపు పలకలను రెండు లోహపు అచ్చుల మధ్య వేడితో నొక్కి తయారుచేసేవారు గనుక వాటి రెండు ముఖాలూ నున్నగా ఉంటాయి. చక్రపు గూడులో చెయ్యి పెట్టి తడిమినప్పుడు ఒకచోట మ్యాట్ అల్లిక గరుకుగా తగిలితే, ఆ ముక్క ఎప్పుడో ప్రమాదంలో పోయి, పడవకు అతుకు వేసినట్టే చేత్తో పొరలు పరిచి కొత్తగా వేసినదని అర్థం. అతుకు వేయడం తప్పు కాదు. పగులు చుట్టూ పలుచగా గీకి, పాత పలకకూ కొత్త పొరకూ పట్టు కుదిరేలా కట్టిన అతుకు గట్టిగానే ఉంటుంది. పగులును గీకకుండా పైన లప్పం పూసి కప్పితే మాత్రం ఇంజిను అదురుకు కొద్దికాలంలోనే రంగు మీద సాలెగూడులా సన్నని గీతలు లేస్తాయి. పాత రంగును తీయడానికి రేకు కార్లకు వాడే ఘాటు రసాయనాలు రెజిన్‌ను కూడా తినేస్తాయి గనుక, ఈ పనికి అలవాటు లేని షెడ్డులో నెలల కష్టం ఒక్క పూటలో పాడవుతుంది.

బంపర్ల మెరుపు చూపరులను ముందుగా ఆకట్టుకుంటుంది. ఉక్కు బంపరును గీకి, సానపట్టి, మీద రాగి, నికెల్ పూతలు ఎక్కించిన తర్వాత చివరన క్రోమియం పూత వేస్తారు. ఆ చివరి పూత మందం మైక్రానులో సగానికి మించదు, మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డు నగలకు పూత పట్టించేవారికి ఈ సంగతి కొత్తది కాదు: విద్యుత్తు తొట్టిలో ఎక్కే లోహం కింద ఉన్న గీతను కప్పదు, దాన్ని ఇంకా ఎత్తి చూపుతుంది, మెరుపంతా తొట్టికి ముందు జరిగిన సానలో ఉంటుంది. కొత్తగా పూత వేసిన బంపరులో ట్యూబులైటు ప్రతిబింబం అలలు తిరిగి కనిపిస్తే సాన సరిగా జరగలేదని నిర్ణయించవచ్చు.

ఇన్ని పరీక్షలు నెగ్గిన కారు కూడా తాను చెప్పుకునే కారేనా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. 1967 నమూనాలో ఎల్88 అనే పందెపు ఇంజిను పెట్టిన కార్లు 20 మాత్రమే తయారయ్యాయి; వాటిలో ఒకటి 2014లో అరిజోనాలో జరిగిన వేలంలో 38.5 లక్షల డాలర్లు పలికింది. ఒళ్లు, రంగు, సీట్లు ఇంచుమించు ఒకేలా ఉన్న మామూలు కారుకూ దానికీ మధ్య అంత వ్యత్యాసం తెచ్చింది ముఖ్యంగా ఇంజినే అయినప్పుడు, పాత ఇంజినుపై అంకెలు చెరిపి కొత్తవి కొట్టే దొంగపని పుట్టకుండా ఎలా ఉంటుంది? ఆ కారణంగా ఈ వ్యాపారంలో ‘మ్యాచింగ్ నంబర్లు’ అన్న మాటకు అంత బరువు. ఛాసిస్, ఇంజిను మొదలైన ముఖ్య భాగాలన్నీ ఈ కారుతోనే పుట్టాయని వాటిపై ఉన్న అంకెలు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పడం దాని అర్థం.

1967 ఓపెన్‌టాపు కార్వెట్ గుర్తింపు సంఖ్య 194677ఎస్ అని మొదలవుతుంది. మొదటి 1 షెవర్లేకు, 94 కార్వెట్‌కు, 67 ఓపెన్‌టాపు ఒంటికి గుర్తు. తర్వాతి 7 ఆ సంవత్సరపు చివరి అంకె, ఎస్ సెయింట్ లూయీ కర్మాగారం. ఆ పైన వచ్చే ఆరంకెలు 100001తో మొదలై 122940తో ముగుస్తాయి గనుక, అంతకు మించిన అంకె చూపే కారు ఆ ఏడాదిది కాదు. ఒంటి రకాన్ని తెలిపే 67 స్థానంలో 37 ఉంటే అది గట్టి టాపుతో పుట్టిన కారు, ఎవరో టాపు కోసి ఓపెన్‌టాపుగా మార్చారన్న మాట. ఈ సంఖ్య కొట్టిన చిన్న పలక సామాన్ల అర కింద, అడ్డంగా ఉన్న ఉక్కు పట్టీపై ఉంటుంది. ఇంజినుకు కుడివైపు ముందు భాగాన, సిలిండరు హెడ్డుకు ఎదురుగా, అగ్గిపెట్టె అంచంత చిన్న చదునుపై కారు సంఖ్యలోని చివరి అంకెలు మళ్లీ కనిపించాలి. వాటి పక్కనే ఇంజిను ఏ ఊళ్లో, ఏ నెల ఏ తేదీన కూర్చబడిందో తెలిపే గుర్తు ఉంటుంది, ఫ్లింట్‌లో చేసినదానికి వి, న్యూయార్క్ రాష్ట్రంలోని టొనవాండాలో చేసినదానికి టి. ఇంజిను కూర్చిన తేదీ కారు తయారైన తేదీకన్న తర్వాతిదైతే కథ అబద్ధమని అక్కడికక్కడే తేలిపోతుంది. అంకెలకన్న కూడా నమ్మదగినది వాటి కింది నేల. కర్మాగారంలో ఆ చదునును కోసిన యంత్రపు పళ్లు ముందునుంచి వెనక్కి సన్నని సమాంతర గీతలు వదిలిపెడతాయి. అంకెలు చెరపడానికి ఎవరైనా ఆకురాయి పట్టిస్తే ఆ గీతలు కూడా పోతాయి. భూతద్దంలో అంకెల మధ్య ఆ గీతలు కనిపించడం మంచి లక్షణం.

అమెరికాలో 1974లో ఏర్పడిన కార్వెట్ పునరుద్ధారకుల జాతీయ సంఘం ఈ కార్లకు మార్కులు వేసేటప్పుడు పాటించే సూత్రం మొదట ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆ కాలపు కర్మాగారంలో రంగు కొంచెం మొరటుగానే పడేది, పలకల సందులు అన్నిచోట్లా సమానంగా ఉండేవి కావు. అందువల్ల ఇప్పటి రంగులతో అద్దంలా తళతళలాడించిన కారుకు అక్కడ మార్కులు తగ్గుతాయి. అసలు కన్న అందంగా చేయడం కూడా అసలును చెరపడమే అన్నది ఆ సంఘం తీసుకున్న నిర్ణయం, అది న్యాయమైన నిర్ణయం కూడా.

భారతదేశపు చట్టం వేరే దారిలో వచ్చి ఈ మాటకే చేరుకున్నది. కేంద్ర రవాణా శాఖ 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌లోగాని ఒంటిలోగాని ఇంజినులోగాని పెద్ద మార్పులు జరగని వాహనమే వింటేజి వాహనంగా గుర్తింపు పొందుతుంది. అటువంటి వాహనానికి రాష్ట్రపు అక్షరాల తర్వాత వీఏ అనే అక్షరాలు వచ్చే ప్రత్యేకమైన నంబరు ఇస్తారు; కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు తప్ప రోజూ తిరగడానికి గాని వ్యాపారానికి గాని ఆ బండిని వాడరాదు. విదేశాల నుంచి పాత కార్లు తెచ్చుకోవడంపై 1950కి ముందు తయారైనవి మాత్రమే రావాలన్న పాత పరిమితి 2025లో సడలి 50 ఏళ్లు నిండిన వాటికి అనుమతి దొరకడంతో, 1960ల కార్వెట్‌కు తొలిసారి తలుపు తెరుచుకున్నది. గుడివాడ, బందరు ప్రాంతాల నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నందున ఈ మార్పు ఇక్కడివారికి పూర్తిగా దూరపు వార్త కాదు. ఎడమవైపు స్టీరింగు ఉన్న బండి రోడ్డు మీదికి రావాలంటే పనిచేసే సంకేత పరికరం తప్పనిసరి అని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ చెబుతున్నది. సుంకం, ఓడ కిరాయి కలిసి ఎంత భారమవుతాయో కొనకముందే లెక్క చూసుకోవాలి.

అసలు రూపం అన్న మాట తేలికగా వాడేది కాదని చెప్పే వాహనం తెలుగునేల మీదే ఉన్నది. గుడివాడకు దగ్గరలోని నిమ్మకూరులో పుట్టిన నందమూరి తారక రామారావు, 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించి, మరుసటి జనవరిలో జరిగిన ఎన్నికల కోసం రాష్ట్రమంతా తిరిగిన చైతన్యరథం పాత షెవర్లే వ్యానే. పైకప్పు మీదికెక్కి నిలబడి మాట్లాడడానికి వీలుగా దాన్ని మార్పించారు. నడిపినవాడు ఆయన కుమారుడు హరికృష్ణ. ఆ ఎన్నికలలో రామారావు గుడివాడ నుంచి కూడా గెలిచారు. ఆ వ్యానును ఎవరైనా పత్రాల ప్రకారం ‘పునరుద్ధరించి’, పైకప్పు వేదిక తీసేసి కర్మాగారంలో పుట్టినప్పటి రూపానికి తెస్తే దాని విలువంతా ఆ క్షణంలోనే పోతుంది. అక్కడ మార్పే చరిత్ర.

కార్వెట్ల విషయంలో కూడా ఈ ప్రశ్న ఎదురైంది. కెంటకీ రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్‌లో ఉన్న జాతీయ కార్వెట్ మ్యూజియం నేల 2014 ఫిబ్రవరి 12న కుంగిపోయి ఎనిమిది కార్లు గోతిలో పడ్డాయి. వాటిలో మూడింటిని బాగుచేశారు, నలిగిపోయిన ఐదింటిని నలిగినట్టుగానే ప్రదర్శనలో ఉంచారు. బాగుచేసిన వాటిలో ఒకటి 1992లో తయారైన పదిలక్షవ కార్వెట్; 1953 నాటి మొదటి కార్ల లాగే తెల్లని ఒళ్లూ ఎర్రని లోపలూ ఉన్న ఓపెన్‌టాపు. దాన్ని విప్పినప్పుడు పలకల వెనుక, సీట్ల కింద తయారుచేసిన కార్మికులు చేసుకున్న సంతకాలు బయటపడ్డాయి. కొత్త భాగం బిగించడం సులువైన చోట కూడా సంతకమున్న పాత భాగాన్ని వీలైనంతవరకు కాపాడడానికే ఆ పని చేసినవారు శ్రమపడ్డారు.

1967 నాటి కార్వెట్లలో అటువంటి కాగితపు సాక్ష్యం కూడా ఒకటి ఉంటుంది. ఏ కారుకు ఏ ఇంజిను, ఏ రంగు, ఏ రేడియో వేయాలో రాసిన పత్రాన్ని సెయింట్ లూయీ కార్మికులు పెట్రోలు ట్యాంకు పై ముఖానికి అంటించి, ట్యాంకును ఒంటి కిందికి బిగించేవారు. దాన్ని తర్వాత ఎవరూ చూస్తారని వాళ్లు అనుకుని ఉండరు. పెట్రోలు ఆవిరికీ చెమ్మకూ చాలా కార్లలో అది పొడిపొడి అయిపోయింది. మిగిలి ఉన్నదో లేదో తెలియాలంటే ట్యాంకు పట్టీలు వదులు చేసి, ట్యాంకును నాలుగు వేళ్ల మందం కిందికి దించి, సందులోకి అద్దం చొప్పించి చూడాలి. అమ్మేవారు ఆ నాలుగు వేళ్లు దించడానికి ఒప్పుకోకపోతే కొనేవారు ఇంకో కారు చూసుకోవడం మంచిది.